శనివారం ఏం తిన్నావని ఎవరూ అడగలేదు

2009లో నేను మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక హాస్పిటల్ ఎమర్జెన్సీలో నర్స్ ప్రాక్టీషనర్‌ని. అంటే నర్సుగా కొన్నేళ్లు చేసి, పైచదువు చదివి, డాక్టర్ పర్యవేక్షణలో పేషెంట్లను చూసి మందులు రాసే ఉద్యోగం. లోపలికి వచ్చిన మనిషికి ముందు కనిపించేది మాలాంటివాళ్లమే. అలాంటి మాకు అరుదైన జబ్బుల గురించి చెప్పింది ఒకే ఒక్క మధ్యాహ్నం. "ఇవి మీకు తగలవు, పరీక్షలోనూ రావు" అంటూ టీచర్ స్లైడ్లు గబగబా తిప్పేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సౌజన్య ఎం.ఎస్. చదవడానికి వచ్చిన అమ్మాయి. ఒక ఆదివారం కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ వచ్చింది. అంతకుముందూ చాలాసార్లు వచ్చింది. స్కాన్‌లన్నీ నార్మల్. చార్ట్‌లో మాత్రం "డ్రగ్ సీకింగ్" అని రాసి ఉంది. మత్తు ఇంజక్షన్ కోసం నొప్పి నటిస్తోందని దానర్థం.

"మీ దేశం అమ్మాయే. నచ్చజెప్పి ఇంటికి పంపెయ్" అన్నాడు డ్యూటీ డాక్టర్.

నేను తెలుగులో పలకరించగానే ఆ పిల్ల ఏడ్చేసింది. "నేను యాక్ట్ చెయ్యట్లేదు ఆంటీ. ఈ సెమిస్టర్ కూడా డ్రాప్ చేస్తే వీసా స్టేటస్ పోతుంది. వెనక్కి వెళ్లిపోవాలి."

"నిన్న ఏం తిన్నావమ్మా?"

"నిన్న శనివారం కదా, ఉపవాసం. మంచినీళ్లే."

"మరి భోజనం మానేస్తావా అని అడిగితే లేదన్నావట?"

"మానెయ్యడం కాదు కదా ఆంటీ, అది ఉపవాసం!"

నొప్పి మొదలైన కొత్తలో వాళ్లమ్మ ఏడు శనివారాల వ్రతం పట్టించిందట. తగ్గకపోయేసరికి అది పూర్తికాగానే మళ్లీ మొదలుపెట్టించింది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల మరింత నిష్ఠగా పస్తు ఉండేది. నొప్పి వచ్చిన రోజుల్లో మూత్రం ఎర్రగా వస్తుందని కూడా చెప్పింది.

నాకు జబ్బు పేరు తట్టలేదు. తట్టేలా ఎవరు నేర్పారు గనక? యూనివర్సిటీ హాస్పిటల్లో లివర్ స్పెషలిస్ట్‌కి ఫోన్ చేశాను. ఉపవాసం, ఎర్రటి మూత్రం అనగానే ఆవిడ "పోర్ఫీరియా చూడండి" అంది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారవుతూ మధ్యలో ఆగిపోయి, మిగిలిపోయినది నరాలను పీడించే జబ్బు. పస్తుంటే రెచ్చిపోతుంది. గ్లూకోజ్ ఎక్కించమంది. మూత్రం శాంపిల్‌కి వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి పంపమంది.

డ్యూటీ డాక్టర్ నవ్వాడు. "అంత అరుదైనది మన దగ్గరికి వస్తుందా?"

"వస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా?" అన్నాను. శాంపిల్ పంపేశాను.

రిపోర్ట్ పాజిటివ్ వచ్చింది. హీమిన్ అనే అసలు మందు యూనివర్సిటీ హాస్పిటల్లో ఎక్కించారు. సౌజన్య సెమిస్టర్ నిలబడింది.

తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసింది. "నా చేతులారా నేనే చేశానా అండీ?"

"మీరు కాదండీ. అడగాల్సినవాళ్లం మేం అడగలేదు. ఇకమీదట శనివారం స్వామికి దద్దోజనం నైవేద్యం పెట్టి, ప్రసాదం కడుపునిండా తినమనండి" అన్నాను.

కొత్తగా చేరే నర్స్ ప్రాక్టీషనర్లకీ, మాలాగే పేషెంట్లను చూసే ఫిజీషియన్ అసిస్టెంట్లకీ అరుదైన జబ్బుల మీద ట్రైనింగ్ పెట్టమని మేనేజ్‌మెంట్‌తో పోట్లాడితే, లంచ్ టైంలో అరగంట విదిలించారు. ఆ అరగంటా సౌజన్య చేతే మాట్లాడించాను. మేం ఏం అడిగి ఉండాల్సిందని ఒకమ్మాయి అడిగింది.

"నొప్పి పదికి ఎంత అని అందరూ అడిగారు. ఆంటీ అడిగేదాకా ముందురోజు ఏం చేశానని ఒక్కరూ అడగలేదు" అంది సౌజన్య.

"డ్రగ్ సీకింగ్" అన్న మాట ఇప్పటికీ ఆమె చార్ట్‌లోనే ఉంది. పాత నోట్ తీసేసే పద్ధతి లేదట! మనకు అంతుపట్టని జబ్బుకి పేషెంట్ గుణం మీద పేరు పెట్టేస్తాం, అది చెరగదు. అందుకే నా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ల చేత మొదటిరోజే ఒక వాక్యం రాయిస్తాను: "కారణం నాకు తెలియలేదు."