సున్నం గీత కింద బదనిక

మొయినాబాద్ రోడ్డు మీది నర్సరీకి తీసుకెళ్ళి ఆ మొక్కను చూపించి, ఎలా పెంచాలని అడిగితే అక్కడి మనిషి పకపకా నవ్వాడు. "ఇది మొక్క కాదు సార్, చెట్టుకు పట్టే చీడ. ఒక మందారం కొనుక్కపోండ్రి, మంచిగుంటది." ఆ నవ్వు నేను మరచిపోలేదు. ఆ నర్సరీలో మళ్ళీ ఒక కుండీ కూడా కొనలేదు.

అది చీడ కాదు. చెట్టు రసం తాగదు. బెరడును పట్టుకుని బతుకుతుంది, అంతే. బయటికి కనిపించే వేళ్ళతో పీల్చే గాలిలోని తేమ, వాన నీళ్ళు దాని తిండి. ఇక్కడి మామిళ్ళ మీద, చింతల మీద తనంతట తాను పుట్టే అడవి ఆర్కిడ్. తోటలు పోతున్నాయి కాబట్టి అదీ పోతోంది. చెట్టు రసం పీల్చే మొక్కల్లాగే దీన్నీ ఊళ్ళలో బదనిక అంటారు. శంకర్‌పల్లి వైపు ఒక మామిడితోటను వెంచర్ కోసం కొట్టేస్తుంటే, కింద పడిన కొమ్మ మీద కనిపించింది. పుల్లలేరుకుంటున్న ఒక అవ్వ దాన్ని పీకి సంచిలో వేసుకోబోతోంది.

"కీళ్లనొప్పులకు నూనెల కాస్తం బిడ్డా. నీకెందుకు?"

"పెంచుకుంటానవ్వా."

"పెంచితె పెరుగుతదా ఇది! దానికి మనసైతె ఉంటది, లేకుంటె లేదు" అని నా చేతిలో పెట్టింది. ఇక్కడ స్థిరపడి ముప్పై ఏళ్ళు కావస్తోంది. నన్ను 'ఆంధ్రా సార్' అనకుండా బిడ్డా అన్నది ఆమె ఒక్కతే.

మా ఇంటి ముందు వీధి వేపచెట్టుకు, పాత నూలు చీర పేలికలతో దాన్ని కట్టాను. "ఇంకాస్త పైకి కట్టండి, దారిన పోయే ప్రతి చెయ్యీ తగులుతుంది" అంది నా భార్య. రోజూ స్టూలెక్కి నీళ్ళు చల్లే మోకాళ్ళు కావు నావి. గుండె ఎత్తులో కట్టాను.

మొదటి ఎండాకాలం రెండాకులు రాలిపోయాయి. బోరు నీళ్ళు దానికి పడలేదని అర్థమై, వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి పొద్దున్నే స్ప్రేయర్‌తో చల్లేవాణ్ణి. మా కాలనీ అధ్యక్షుడు వాకింగ్‌కు అటే వస్తాడు. కాలనీ ఉన్న నేల ఒకప్పుడు వాళ్ళ నాన్నది. అందువల్ల గేటు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా అన్నీ తనవే అన్నట్టు నడుస్తాడు.

"సార్ చెట్టుకు తానం పోస్తున్నడు! జర సబ్బు గూడ రుద్దుండ్రి సార్, మురికి పోతది" అన్నాడు, వెంట ఉన్న నలుగురూ నవ్వేలా. మనసులో పెట్టుకున్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ జూన్ రెండున, తెలంగాణ వచ్చిన రోజున చేసే జెండా పండుగకు కాలనీలో చెట్ల మొదళ్ళన్నిటికీ గుండె ఎత్తు దాకా సున్నం కొట్టి, పైన జాజు మట్టితో ఎర్రగీత పెట్టారు. మా వీధిని మాత్రం వదిలేశారు. సున్నం అయిపోయిందట. మా వీధిలో ఉన్నవి చెట్లు కావా, మేము కాలనీవాళ్ళం కామా అని కాలనీ సంఘానికి రెండు పేజీల దరఖాస్తు రాసి సంతకం చేసి ఇచ్చాను. అధ్యక్షుడు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "వచ్చే ఏడాది ఆంధ్రా సార్ గల్లీకే ముందుగాల కొట్టిస్తం." కింద పదకొండు నవ్వు బొమ్మలు పడ్డాయి. ఎవరెవరు పెట్టారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ వానల్లోనే మొక్క కొత్త వేరు వేసింది. చిటికెన వేలంత లావు, తెల్లని ఒళ్ళు, చివర పచ్చని మొన. వారం రోజుల్లో అది బెరడుకు అంటుకుపోయింది. దీపావళి నాటికి అలాంటివి అయిదు. పేలికలు విప్పేశాను. మరుసటి మే నెలలో ఆకుల మధ్య నుంచి పూల కాడ వచ్చింది. ఏడు మొగ్గలు. మొదటి రెండూ విచ్చుకున్నాయి. గోధుమరంగు రేకుల మీద గళ్ళు, నడుమ ఊదారంగు నాలుక. నా భార్య కుర్చీ తెచ్చుకుని దాని ముందే కూర్చుని కాఫీ తాగింది.

ఎండ మరీ ముదిరింది. మొగ్గలు మాడిపోకుండా నీడ వల కొందామని చేవెళ్ల వెళ్ళాను. పూలతోటల వాళ్ళ కోసం అక్కడ దొరుకుతుంది. బస్సులో వల ఒళ్ళో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి వేప మొదలు తెల్లగా ఉంది. పెయింటర్ ఎర్రగీత దిద్దుతున్నాడు.

"పువ్వుకు ఒక్క చుక్క అంటనియ్యలే సార్, చూడుండ్రి" అన్నాడు గర్వంగా. "ఆకులు లేపి మరీ కొట్టిన. మస్తు వాసనున్నది."

నిజమే. ఆకులకు అంటలేదు, పూలకు అంటలేదు. బెరడుతో పాటు వేళ్ళన్నిటికీ రెండు పూతలు సున్నం పట్టించాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఈ గల్లీ నుంచే షురూ చెయ్యమన్నరు సార్. దరఖాస్తు ఉన్నదంట గదా."

తడిగుడ్డతో తుడిచాను. సున్నంతో పాటు వేళ్ళ పైపొర కూడా ఊడి వచ్చింది. లోపల దారమంత నరం మిగిలింది. అధ్యక్షుడి ఇంటికి వెళ్ళి అరిచాను. అతను అరవలేదు. ఫైలు తెచ్చి నా కాగితం నా ముందే పెట్టాడు.

"మీ దస్తఖతేనా సార్ ఇది? ఆ మొక్కను విడిచిపెట్టుమని ఇందుల ఏడనన్న రాసిన్రా?"

రాయలేదు. అది రాసేటప్పుడు నాకు వీధి గుర్తుంది, నవ్విన ముఖాలు గుర్తున్నాయి. మొక్క గుర్తు లేదు.

మిగిలిన అయిదు మొగ్గలూ విచ్చుకున్నాయి. ఒంట్లో మిగిలిన నీటితో పూస్తోందని ఆకుల ముడతలు చూస్తే తెలుస్తోంది. జెండా పండుగ రోజు జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. తొలకరి వచ్చేలోగా ఆకులన్నీ రాలిపోయాయి.

ఈ ఏడాది వీధంతా సున్నం కొట్టారు, నిరుటి గొడవ వల్ల కాబోలు, మా వేపకు తప్ప. పక్కింట్లోకి కొత్తగా కిరాయికి వచ్చినాయన గేటు దగ్గర ఆగాడు. "మీ చెట్టొక్కటే వదిలేశారేంటండీ? గట్టిగా కంప్లైంట్ రాయాల్సింది."

ఎండిన వేరొకటి ఇంకా బెరడును పట్టుకునే ఉంది. లాగితే రాదు. ఆయనకు దాన్ని చూపించబోయి, మానుకుని లోపలికి వచ్చేశాను.