అందరికీ వేసే కోడే

ఆసుపత్రి రికార్డుల గదిలో ఐసీయూ రోగుల జబ్బులకు అంకెల కోడ్‌లు వేసే ఆవిడను అందరూ కోడ్ల అక్క అంటారు. డాక్టర్లు ఒకరు ‘ఊపిరి ఆగింది’ అని, ఒకరు ‘శ్వాస నిలిచింది’ అని ఎలా రాసినా ఆవిడ వేసే కోడ్ ఒక్కటే. ఊపిరి తగ్గినవాళ్లకి కూడా పక్క సీటువాళ్లు అదే కోడ్ పడేశారో, అక్క చేతిలో వాళ్ల పని అయిపోయినట్టే.

ఆ మధ్య ఆవిడ తల్లికే ఐసీయూలో ఊపిరి ఆగి, మళ్లీ అందుకుంది. ఆ ఫైలూ అక్క బల్ల మీదికే వచ్చింది. కాసిని మంచినీళ్లు తాగొచ్చి, అదే కోడ్ వేసింది.

డిశ్చార్జయి ఇంటికొచ్చాక తల్లి ఆరా తీసింది. “నాకేం రాశావే?”

“అందరికీ రాసేదేనమ్మా.”

తల్లి మూతి ముడిచింది. “చావుదాకా వెళ్లొచ్చాను. కన్నతల్లినని ఒక్క అంకెన్నా ఎక్కువ వెయ్యలేకపోయావా?”