పద్నాలుగు రోజులు ఆగమన్న మనిషి

మొన్న సోమవారం పొద్దున షిఫ్టు మొదలవుతుండగా మా సార్ ఊరు లక్సెట్టిపేట నుంచి ఫోన్ వచ్చింది. సార్ పోయారు. గుండెపోటు.

కరీంనగర్ అవతల ఉన్న మా బ్యాటరీ సెల్లుల ఫ్యాక్టరీలో ఆయన టెస్టింగ్ విభాగం పెద్ద. నేను కొత్తగా చేరినప్పుడు సెల్లును ఎలా పట్టుకోవాలో కూడా ఆయనే నేర్పారు. గొంతు పెంచేవారు కాదు. కోపమొస్తే కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు.

మొదటి పెద్ద లాటు తయారైన రోజు ఆ అద్దాలను చాలాసార్లు తుడిచారు. ఇరవై వేల సెల్లులు. ఆటోలు తయారుచేసే కంపెనీకి వారంలో పంపాలి. ట్రేకు ఐదు చూసి పంపేద్దామన్నాడు మేనేజరు.

"అన్నీ సూడాలె," అన్నారు సార్. "ఇయ్యాల వోల్టేజీ రాసుకుందాం. పద్నాలుగు రోజులు కదలియ్యకుంట పెట్టి మళ్ల సూద్దాం. లోపల ఖరాబుంటే గప్పుడు వోల్టేజీ దిగుతది."

"కస్టమర్ ఊకుంటడా సార్? ఆర్డర్ పోతే ఎవలు జవాబు జెప్పాలె?"

"నేను జెప్త. బండి కాలినంక ఎవలు జెప్తరు?"

మేనేజరు తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. సార్ నేలమీద చార్టు పరిచి, ఏ ట్రే ఏ అరలో ఉండాలో, ఎవరు ఏ పూట కొలవాలో పెన్సిలుతో గీశారు. నా వైపు తిరిగి, "ఫికర్ జెయ్యకు బిడ్డా. సూసింది సూసినట్టు రాయి, సాలు" అన్నారు.

ఆ రెండు వారాలు పైనుంచి రోజూ ఫోన్లే. సార్‌ను తీసేస్తారన్న మాట క్యాంటీన్ దాకా వచ్చింది.

పద్నాలుగో రోజు కొలవడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం దాకా ఒక్క తేడా లేదు. మేనేజరు మా వెనకే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. మూడింటికి ఒక ట్రేలో ఒక సెల్లు వోల్టేజీ అంకె పడిపోయింది. పక్కదీ అంతే. ఆ వరుసలో పదకొండు. ఒకటైతే ఉబ్బింది కూడా. మొదటి రోజు కొలతల్లో అవన్నీ మిగతావాటిలాగే ఉన్నాయి.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "నాతోటి తప్పయింది సార్."

"ముందుగాల తిను. పొద్దటిసంది ఏం తినలే నువ్వు," అన్నారు సార్.

లాటు ఆగింది. ఈరోజు ఆ విభాగం నా చేతిలో ఉంది. ఎంత తొందరున్నా పద్నాలుగు రోజులు ఆగుతున్నాం.

లాటు ఆగిన ఆ సాయంత్రం నేనూ సారూ గేటు బయట బస్సు కోసం నిలబడ్డాం. బడిపిల్లలతో ఒక బ్యాటరీ ఆటో పోయింది. పక్కన వేలాడుతున్న బ్యాగులు, బయటికి ఊపుతున్న చేతులు. మా బస్సు వచ్చి ఆగినా, ఆయన మలుపు దాకా ఆ ఆటోనే చూస్తున్నారు.