లింగయ్య మామ మీసం

నిన్న జెద్దా షరఫియాలో, మంగలి షాపులో నా పక్క కుర్చీలో మన జగిత్యాల మనిషొకాయన గుండు చేయించుకుని మీసం కూడా తీయించుకుంటున్నాడు. ఆ సబ్బు నురగ వాసనకి లింగయ్య మామ గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఇక్కడే జెద్దాలో ఉండేవాడు, మా నాయిన స్నేహితుడు. వారమంతా ఎండలో గోడలు కట్టే సుతారి పని చేసి, శుక్రవారాలు మా హాల్లో తాను రాసిన నాటకాలు మా యాసలోనే ఆడేవాడు. ఎప్పుడూ తల్లి వేషమే. గుబురు మీసం మాత్రం తీసేవాడు కాదు. మా అమ్మ పాత చీర కట్టుకుని కొంగుతో మూతి కప్పుకోగానే అందరూ నవ్వేవాళ్లు.

ఒక శుక్రవారం మీసం లేకుండా, తల నిండా కొంగు కప్పుకుని వచ్చాడు.

"కొడుకా, బుక్కెడు తిన్నవా? ఎండల తిరగకు బిడ్డా," అని ఫోన్లో కొడుకుతో మాట్లాడే తల్లిగా అచ్చం ఆడమనిషిలాగే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివర్లో చప్పట్లు కొట్టింది నేనొక్కడినే.

"ఇగ ప్రతి నాటకానికి మీసం తీస్తవా మామా?" అని అడిగాను.

"లేదు బిడ్డా, గీ ఒక్కపారికే."

వాళ్లమ్మ పోయి అప్పటికి నాలుగు రోజులనీ, పనిలో పెట్టుకున్న కఫీల్ ఊరెళ్లడానికి సెలవివ్వక ఇక్కడే గుండు చేయించుకున్నాడనీ పెద్దయ్యాక తెలిసింది.

నిన్న ఆ మనిషి అద్దంలో చూసుకుంటూ మూతి తడుముకుంటుంటే, "ఎవరు పోయిండ్రన్నా?" అని అడిగాను. లింగయ్య మామను అడగాల్సిన మాట అది.