తొమ్మిదో వాక్యంలో పడవ

రాజారత్నం గారు అవనిగడ్డలో ముప్పై ఏళ్లు పేపరు విలేకరి. ఆ పేపరు జిల్లా పేజీలు ఎత్తేశాక, వాళ్ల వెబ్‌సైటుకే ఫోనులో వార్తలు కొట్టి పంపేవారు. ఆయన వార్త ఎప్పుడూ ఒకే వరసలో నడిచేది. ముందు వచ్చిన అధికారి, తర్వాత వెంట ఉన్నవాళ్లు, ఆ తర్వాతే విషయం. అధికారి పేరు కిందికి జారితే మర్నాడు ఆయన ఆఫీసులో కూర్చోమనేవాడుండడు. పేపరును చివరి అక్షరం దాకా చదివే నాలాంటి వాడికి అది తప్పుగా తోచలేదు.

వరద వచ్చిన ఆ మధ్యాహ్నం "లంకలో తహసీల్దార్ పర్యటన" అని పంపారు. ఆఖరి పడవ సాయంత్రం నాలుగింటికేనన్న మాట తొమ్మిదో వాక్యంలో ఉంది.

మూడుంబావుకు బెజవాడ డెస్కులో వార్తలు దిద్దే కృష్ణప్రియ ఫోను చేసింది.

"మావయ్యగారూ, మీ వార్త రెండు వేలమంది తెరిచారండీ."

"అంతమందా!"

"తెరిచి ఏడు సెకన్లలో మూసేశారు. పడవ సంగతి ఎవరూ చూసుండరు. పైకి తీసుకురండి, త్వరగా."

ఆయన అక్క దేవమ్మ ఏటి నడుమ ఆ లంకలోనే ఉంది. ముందు ఆమెకు చేశారు.

"ఎమ్మార్వో వచ్చిపోయాడని నువ్వే రాశావు గదరా! ఇంక భయం లేదని ఎసరు పెట్టాను."

"అక్కా, నాలుగింటికి ఆఖరి పడవ! అదీ రాశాను, కింద ఉంది."

"కిందెవడు చూస్తాడ్రా, సన్నాసీ? ఉండు, గేదెను విప్పి..."

లైను తెగింది. మళ్లీ కలవలేదు.

రేవుకు పరుగెత్తి, మెట్ల మీద కూలబడి వార్త తిరగరాయబోయారు. వేలు 'తహసీల్దార్' అని కొట్టింది. చెరిపారు. మళ్లీ అదే కొట్టింది. చివరికి, "లంకలో ఉన్నవాళ్లు వెంటనే రేవుకు రండి. నాలుగింటికి ఆఖరి పడవ" అని రాసి, ఇంకేమీ చేర్చకుండా పంపేశారు.

నాలుగున్నరకు పడవ ఇవతలి ఒడ్డు చేరింది.

"ఫోనులో చూసి పరిగెత్తుకొచ్చామండీ" అంది చంటిబిడ్డనెత్తుకున్న ఒకామె.

ఆయన ఆమె వెనక చూశారు. ఆ వెనకా చూశారు. దేవమ్మ లేదు.

"మీ అక్కగారి ఇంటివైపు దారి తెగిపోయింది బాబాయ్" అన్నాడు పడవవాడు. కాళ్లు పట్టుకున్నా పడవ మళ్లీ తిప్పలేదు.

రెండు రోజులు ఆయన రేవు వదల్లేదు. ప్రార్థన కూడా చేసుకోలేకపోయానని తర్వాత నాతో అన్నారు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదట.

మూడోనాడు బడి డాబా మీంచి దేవమ్మను దించి తెచ్చారు. గేదె కొట్టుకుపోయింది. తమ్ముడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఎమ్మార్వో పేరు ముందు రాయకపోతే నీకు అన్నం పుట్టదేంట్రా?"

ఆయన రేవు మెట్ల మీద కూర్చుని ఫోను తీశారు. అక్క తిరిగొచ్చిన ఆ రోజు పంపిన వార్త కూడా రెండే వాక్యాలు. మొదటిదాంట్లో గేదె ఉంది. ఎమ్మార్వో పేరు రెండోదాంట్లోనూ లేదు.