డాక్ బంగ్లా మెట్ల దగ్గర నా బాప్తిస్మం

మా మర్రిగూడ వైపు మనిషిని నిలువునా ముంచి లేపేంత నీళ్లుండేవి కావు. బాప్తిస్మానికి దేవరకొండ దాటి ప్రాజెక్టు నీళ్లకు పోవాల్సిందే. అరవైల మొదట్లో నా బాప్తిస్మం కోసం మా సంఘమంతా ఎడ్లబండ్ల మీద అక్కడికి పోయింది. అది జరిగితేనే ఆ రోజు ప్రభువు బల్లలో మా అవ్వ పక్కన కూర్చుని రొట్టె తీసుకునే హక్కు నాకు వస్తుంది. పాస్టరు అయ్యగారు మళ్లీ మా వైపు వచ్చేది వానకాలం దాటాకే.

నీళ్ల అంచంతా బురద. గట్టి మెట్లున్నది డాక్ బంగ్లా ముందే. పడవ ఎక్కడానికి కట్టినవి. పట్నం నుంచి విహారానికి వచ్చిన ఆఫీసర్ల కుటుంబాలు వరండాలో చాయ్ తాగుతున్నాయి. బంగ్లా కాపలా చూసే సాయిబు మాకు ఎదురొచ్చాడు.

"ఇంతమంది తానం చేయనీకి వచ్చిన్రా?"

"ఒక్క పిల్లకే, చిచ్చా," అన్నాడు మా సంఘం పెద్ద.

"ఒక్క పిల్ల తానానికి ఇన్ని బండ్లా? సరే, దిగున్రి. సబ్బు గిట్ల పెట్టకున్రి, సార్లు గరం అయితరు."

నీళ్లలో చీర పైకి తేలకుండా మా ఆడవాళ్లు అంచులో గులకరాళ్లు పెట్టి కుడతారు. ప్రాజెక్టు చాలా లోతని విన్న అవ్వ, గులకరాళ్లు చాలవనుకుని పిడికిలంతేసి రాళ్లు అంచు చుట్టూ కుట్టింది. మెట్లు దిగుతుంటేనే బరువు తెలిసింది. అయినా నాకు భయం లేదు. దేవుని మాటకు లోబడి దిగినదాన్ని ఆయనే చూసుకుంటాడు.

అయ్యగారు ప్రార్థన చేసి నన్ను వెనక్కి వాల్చి ముంచారు. లేపబోతే నేను లేవలేదు. ఆయన సన్నటి మనిషి, కాలు జారింది. సాయిబు తలగుడ్డతో సహా దూకి, నా చంకల కింద చేతులు వేసి నిలబెట్టాడు.

"ఏం పెట్టి పెంచినవవ్వా గీ పిల్లను? రోలు లెక్క ఉన్నది," అన్నాడు రొప్పుతూ.

"తిండి గాదు బిడ్డా, రాళ్లు," అంది అవ్వ.

వరండాలో నవ్వులు వినిపించాయి. సంఘం పెద్ద మాత్రం నవ్వలేదు.

"అయ్యగారూ, గిది చెల్లుతదా? పిల్లను లేపింది మీరు గాదు, లేపినోడు మన సంఘపోడు గాదు. బల్లకు ఎట్ల రానిస్తం?"

తడిబట్టలతో మెట్టు మీద నిలబడి అయ్యగారి ముఖం చూశాను. మళ్లీ మునగమంటే మునుగుతాను. వానకాలం దాటేదాకా ఆగమంటే మాత్రం ఆగను.

అయ్యగారు ముఖం మీది నీళ్లు తుడుచుకున్నారు. "ముంచుడు నా పని. లేపుడు ప్రభువు పని. ఆయన ఎవరి చేతులతోని లేపిండో నన్నడుగుతవేంది?"

పెద్ద మా వాళ్ల వైపు తిరిగాడు. "గట్లయితే పాట ఎత్తున్రి," అన్నాడు.

బంగ్లా వెనక వేపచెట్ల నీడలో బల్ల పెట్టారు. చీర మార్చుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. రొట్టె చేతులు మారుతూ నా దాకా వచ్చింది. అవ్వ తన ముక్క చేతిలోనే పట్టుకుని, నేను నోట్లో వేసుకునేదాకా నన్నే చూసింది. ఆ తర్వాతే తను తిన్నది.