తోమె అత్తగారి అన్నం గిన్నె

పెళ్లయిన మూడో ఏట సెత్సుయో మొగుడు చేపల పడవతో సహా సముద్రంలో పోయాడు. పిల్లా జెల్లా లేరు. అత్త తోమె నోరంటే రేవంతా హడల్. అయినా పుట్టింటికి పోకుండా, ఆ ముసిల్దాన్ని అంటిపెట్టుకుని జుట్టు నెరిసేదాకా ఎందుకుందయ్యా అంటే, ఇల్లు కలిసొస్తుందని కొందరన్నారు, లోకానికి జడిసిందని కొందరన్నారు. వాళ్ల మొహం! పొద్దున్నే "ఒసేయ్, ఉన్నావా, చచ్చావా?" అని కేకేసే మనిషి ఆమెకి ఇంకెక్కడుంది? ఆ కేక కోసమే ఉండిపోయింది. ఆ మాట పైకి చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ చలికాలం తోమె మూలపడింది. అత్తాకోడళ్లవి ఒకే రకం నీలిపూల గిన్నెలు. తోమె గిన్నెకి అంచు విరిగి పెదవికి గుచ్చుకుంటోంది.

"నీ గిన్నె ఇటు తగలెయ్! ఈ విరిగినదాంట్లో నువ్వు మింగు" అంది. సెత్సుయో గిన్నెలు మార్చింది. పోయేదాకా తోమె కోడలి గిన్నెలోనే తింది.

శవపెట్టె గడప దాటగానే, పోయినవాళ్లు తిరిగి రాకుండా వాళ్ల అన్నం గిన్నె పగలగొట్టాలి. పక్కింటి కికునో తోమె పక్క దగ్గరున్న గిన్నె తెచ్చి చేతికిచ్చింది.

"కానీ వదినా, గట్టిగా కొట్టు! బతికుండగా ఎలాగూ ఎదురు చెప్పలేకపోయావు."

ఏడుపులోనూ నవ్వొచ్చింది సెత్సుయోకి. గడప లోపల నిలబడి విసిరికొట్టింది. మోకాళ్లు పట్టేసి దహనానికి వెళ్లలేకపోయింది. ఇంట్లోనే ఉండి, అన్నం పెట్టుకుందామని అలమర తెరిచింది. అంచు విరిగిన గిన్నె ఒక్కటే ఉంది. పగిలింది తన గిన్నె, అత్తది ఇక్కడే ఉంది.

మర్నాడు పొద్దున ఆ గిన్నె తడిగా ఉంది, అడుగున రెండు మెతుకులు. లోపలి గదిలోంచి "ఒసేయ్, ఉన్నావా, చచ్చావా?" అని కేక. ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. అయినా "ఉన్నానత్తయ్యా" అని పలికి, ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువే పోసింది. అప్పట్నుంచి రోజూ అదే వరస. మోకాళ్ల నొప్పితో సెత్సుయో గడప దాటనేలేదు.

నాలుగు రోజులకి చెల్లెలు హారువే కారేసుకొచ్చింది.

"ఇంకా ఎవర్ని పట్టుకు వేళ్లాడతావే అక్కా? మా ఇంటికి పద."

సెత్సుయో గిన్నె సంగతి చెప్పింది. హారువే పడీ పడీ నవ్వింది. "అంటే గడప దాటితే నువ్వే తిరిగి రాకూడదన్నమాట. పీడా పోయింది, రా!"

సెత్సుయోకీ విసుగెత్తింది. చచ్చినదానికి ఇంకా చాకిరీ ఏమిటి? చెల్లెలి చెయ్యి పట్టుకుని గడప దాటింది. కారు దాకా వెళ్లాక మొగుడి ఫోటో మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

పక్కకి తోసే తలుపు జరగలేదు. దానికి తాళమే లేదు. లోపల గిన్నెకి అన్నం తినే పుల్లలు తగిలే చప్పుడు.

"అత్తయ్యా!" అంటూ తలుపు బాదింది.

చప్పుడు ఆగింది. "ఎవరండీ?"

పెళ్లయిన్నాటి నుంచీ ఆ నోటివెంట ఒక్క 'అండీ' వినలేదు సెత్సుయో.

"నేనత్తయ్యా... మీ కోడల్ని!"

"మా కోడలా?" పరాయివాళ్లతో మాట్లాడే గొంతుతో, మెత్తగా అంది తోమె. "ఇందాకట్నుంచీ కేకేస్తున్నా, పలకడం లేదండీ. మా కోడలు పోయింది."